నాలి అపర్ణ

బరంపురం పాత బస్టాండు వెనక వీధిలో మా కొట్టుకి బోర్డు లేదు. మా తాత పెట్టించలేదు, మా నాన్న పెట్టించలేదు, మేమూ పెట్టించలేదు. అవసరం రాలేదు మరి. చికిటి నుంచి వచ్చినా గోపాల్‌పూర్ నుంచి వచ్చినా ఆటో ఎక్కి "ఆదినారాయణ కొట్టు" అంటే చాలు, తెచ్చి గుమ్మం ముందు దింపుతారు. ఆదినారాయణ మా తాత. ఎడ్లబండి ఇరుసులు అమ్మడంతో మొదలుపెట్టి లారీ స్ప్రింగుల దాకా ఆయన తీసుకొచ్చాడు. కార్ల సామాను మా నాన్న తెచ్చాడు. ఇప్పుడు మా అన్నయ్య రామచంద్రరావూ నేనూ నడుపుతున్నాం. నా పేరు పూర్ణచంద్ర. ఎవరైనా సగం పేరు మింగేసి "నారాయణ కొట్టు ఇదేనా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఆది ఎక్కడ పారేసుకొచ్చారు" అని అడిగి గానీ సామాను ఇవ్వను. దీన్ని మా ఆవిడ గౌరి పొగరంటుంది. పొగరే, కాదని నేనూ అనడం లేదు.

నాకు ఇంకో పొగరు కూడా ఉంది, అది భాష పొగరు. ఊరు ఒడిశాలోది కనక ఒడియా మాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు. బజార్లో బేరం ఒడియాలోనే, పోట్లాటా ఒడియాలోనే. కానీ మా గడప లోపల మాత్రం తెలుగు తెలుగులా ఉండాలని నా పట్టు. మా అమ్మాయి అపర్ణ చిన్నప్పుడు రెడ్డు, బ్లాకు అంటే "వాటికి మనింట్లో పేర్లు లేవేటి?" అని అడ్డు తగిలేవాణ్ణి. అది నవ్వి, ఎర్ర అనేది, నల్ల అనేది. పెద్దయ్యాక దానికదే నోటికి అలవాటైపోయింది. ఇంజనీరింగ్ చదివినా, భువనేశ్వర్ వెళ్ళి పెద్ద కార్ల వర్క్‌షాపులో ఉద్యోగం చేసినా ఆ అలవాటు పోలేదు. అందుకు నేను మీసం మెలేసిన రోజులున్నాయి.

ఆ వర్క్‌షాపులో దాని పని ఇంజెక్టర్లు. కారు ఇంజన్లో నాలుగు సిలిండర్లుంటే ఒక్కోదానికి ఒక్కో ఇంజెక్టరు ఉంటుంది. సరిగ్గా ఇవ్వాల్సిన క్షణంలో డీజిలుని సన్నటి తుంపరగా లోపలికి చిమ్మడం దాని పని. అది చెడితే బండి మిస్సింగ్ కొడుతుంది, పొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేదు. అయితే తమాషా ఏమిటంటే, ఇంజెక్టరు చెడిందనేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు గానీ నిజంగా చెడిందో లేదో పరీక్షించి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. అనుమానం రాగానే పాతది పీకి కొత్తది వేయించేస్తారు. ఆ కొత్తది అమ్మేది మేము.

అలాంటి కొట్టులోకి అపర్ణ ఒకరోజు తిరిగొచ్చి, వెనక మూలలో ఇంజెక్టర్లు పరీక్షించే బెంచి పెడతానంది. మా అన్నయ్య వెళ్ళి ఆ మూల చూసొచ్చాడు.

"ఉన్నవి బాగున్నాయని సెప్పే మిషను, కొత్తవి అమ్మే కొట్టులో ఎందుకురా పూర్ణా?" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు, వ్యాపారి మాట అది. ఎదుటివాడి మాట సబబుగా ఉంటే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే గొంతు పెరుగుతుంది. "నా కూతురు పెడతానంటే పెడతాది," అన్నాను. అన్నయ్య నన్ను పట్టించుకోలేదు. అపర్ణ వైపు తిరిగాడు.

"సర్లే అమ్మా, పెట్టు. కొట్టుకి పేరు తెస్తే ఉంటాది. పేరు తీస్తే బయటకెల్తాది."

"సరే పెదనాన్నా," అంది అది. మూలలో సామాన్ల పెట్టెలు ఖాళీ చేయించి బెంచి దింపించింది.

ఏడాది తిరక్కుండానే ఆ మాట నిలదీసే రోజు వచ్చింది. తెచ్చినవాడు ఢిల్లీశ్వరరావు. చికిటి దగ్గర అతనికి రైస్ మిల్లుంది. మనసు మంచిది, నోరు పెద్దది. ఆ నోటికి ఒక విషయం అందితే ఇచ్ఛాపురం దాకా తెలిసిపోతుంది. అతను కాలు విరిగి మంచం పట్టడంతో డీజిలు కారు వానాకాలమంతా మిల్లు షెడ్డులో పడి ఉంది. మిల్లు అన్నాక ఎలుకలుంటాయి. ధాన్యం తిని తిని విసుగేసిందేమో, అవి కారు వైర్ల మీద పడ్డాయి. అతను లేచి తిరగడం మొదలెట్టాక చూసుకుంటే బండి స్టార్టు కాలేదు. ట్రాక్టరుకి కట్టి మా కొట్టు ముందుకి లాక్కొచ్చాడు.

అపర్ణ బానెట్ ఎత్తి చూసింది. రెండో ఇంజెక్టరుకీ మూడో ఇంజెక్టరుకీ వెళ్ళే వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఇంజెక్టర్ల వైపు మిగిలిన మొదళ్ళకి రంగు తొడుగు కూడా లేదు, ఒట్టి రాగే. కారు లోపలి కంప్యూటరు వైపు నుంచి వచ్చేవి మాత్రం బాగున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఏది ఏ ఇంజెక్టరుకి వెళ్ళాలో చూసి అతుకు వేస్తే సరిపోతుంది.

అతుకుల పనికి పక్క కొట్టు సీమాంచల్‌ని పిలిచింది. సీమాంచల్ ఒడియా మనిషి, నా ఈడువాడు, బండ్ల కరెంటు పనిలో అతని చేతికి తిరుగు లేదు. తెలుగు మా అంత బాగా మాట్లాడతాడు. అపర్ణ అతన్ని ఒడియాలో, అన్నయ్యా అన్నట్టు, భాయినా అంటుంది. బానెట్ కింద నడుము దాకా దూరాడు. అపర్ణ ఇవతల ల్యాప్‌టాప్‌లో ఆ బండి వైర్ల పటం తెరిచి చూసి గట్టిగా చెప్పింది.

"భాయినా, రెండోదానికి నల్లది. మిగిలింది మూడోదానికి."

అప్పుడే వీధిలోంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోతోంది. సీమాంచల్ లోపల్నుంచి ఏదో అడిగాడు. "ఆఁ, అదే, అదే," అంది అపర్ణ. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న నేను నల్లది అన్న మాట విని మురిసిపోయాను. ఇంకొకరి పిల్లయితే బ్లాకు అనేది కదా అనుకున్నాను.

సీమాంచల్ అతుకులేసి, మళ్ళీ ఎలుకలు కొరక్కుండా వైర్ల పొడవునా రంగు కనపడకుండా టేపు చుట్టేశాడు. సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్టయింది. అయింది గానీ, అదేం స్టార్టు. చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒణికింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, పచ్చి డీజిలు కంపు. వీధిలో ప్రతివాడూ వచ్చి ఒక మాట అనేసి వెళ్ళాడు. వానాకాలమంతా నిలబెట్టిన బండి, ట్యాంకులో డీజిలు చెడి ఉంటుంది, ఇంజెక్టర్లు పట్టేసి ఉంటాయి, అని. వినడానికి సబబుగానే ఉంది. అపర్ణ ట్యాంకు కడిగించి కొత్త డీజిలు పోయించింది, ఫిల్టరు మార్చింది. మార్పు లేదు. ల్యాప్‌టాప్‌లోంచి ఒక్కో ఇంజెక్టరునీ కాసేపు ఆపి చూసింది. ఒకటోదో నాలుగోదో ఆపితే ఇంజన్ చచ్చేంత పని చేసింది. రెండోది ఆపినా మూడోది ఆపినా తేడాయే లేదు. అంటే ఆ రెండు సిలిండర్లూ అసలు పని చేయడం లేదన్నమాట.

మర్నాడు నాలుగు ఇంజెక్టర్లూ విప్పి బెంచి మీద పెట్టింది. ఒక్కోదాని కింద ఒక గాజు గొట్టం ఉంటుంది. మిషను తిరుగుతుంటే ఇంజెక్టరు ఎంత డీజిలు చిమ్మితే అంత ఆ గొట్టంలో పడుతుంది. చెడినదాని గొట్టం తక్కువగానో ఎక్కువగానో నిండుతుంది. నేను కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరగా వెళ్ళి చూశాను. నాలుగు గొట్టాల్లోనూ డీజిలు ఒకే మట్టానికి వచ్చింది.

"ఇంజెక్టర్లు బాగున్నాయి మావయ్యా," అంది అపర్ణ ఢిల్లీశ్వరరావుతో. "కొత్తవి అక్కర్లేదు. తప్పు ఇంకెక్కడో ఉంది, ఎతకాలి."

"ఇవి బాగుంటే నా బండెందుకలా దగ్గుతాది? రెండు పని సెయ్యట్లేదని నువ్వే కదమ్మా సెప్పినావు. రెండూ కొత్తవి ఏసెయ్యి."

వద్దని అది ఎంత చెప్పినా వినలేదు. నేను వ్యాపారిని, అడిగినవాడికి ఇచ్చాను. అపర్ణ మొహం మాడ్చుకుని వాటిని బిగించింది, కంప్యూటరులో వాటి నంబర్లు ఎక్కించింది, స్టార్టు చేసింది. అదే ఒణుకు, అదే పొగ.

ఢిల్లీశ్వరరావు ఊతకర్ర నేలకేసి కొట్టాడు. "అయితే మీ సరుకే డూప్లికేటు," అన్నాడు.

మా తాత ఎడ్లబండి ఇరుసులమ్మిన కాలం నుంచి మా గుమ్మంలో ఎవరూ ఆ మాట అనలేదు. నేను లేచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. గౌరి మేడ మీంచి దిగొచ్చి నన్ను లోపలికి లాక్కుపోవాల్సినంత అన్నాను. అతనూ తక్కువ తినలేదు. కారు మా గుమ్మంలోనే వదిలేసి, బజారు పొడవునా ప్రతి కొట్టు ముందూ ఆగి, ఆదినారాయణ కొట్టులో డూప్లికేటు సరుకు అమ్ముతున్నారని చెప్పుకుంటూ బస్సెక్కాడు. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఇద్దరు మాట ఆపేశారు. అప్పుడు నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది.

అన్నయ్య నాలా అరవడు. కొట్టు మూసే ముందు అపర్ణ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

"రేపు ఢిల్లీ వస్తాడు. అతని బండి సరిగ్గా నడిస్తే సరే. నడవకపోతే ఈ మిషను తీయించేస్తాను. ఈ మూల మళ్ళీ సామాన్లకే. నీ మీద కోపం కాదమ్మా. ముందే అనుకున్న మాట."

"అనుకున్నామండీ పెదనాన్నా," అంది అపర్ణ. పెదనాన్నని అది ఎప్పుడూ 'అండీ' అనలేదు. ఆ బెంచి పోతే అది మళ్ళీ భువనేశ్వర్ పోతుంది. పోయి బాగానే బతుకుతుంది కూడా. కానీ ఓడిపోయి వెళుతుంది, అదీ నా కొట్టులో ఓడిపోయి. అది నేను తట్టుకోలేను.

తెల్లారి తలుపులు తీసేసరికే అపర్ణ బండి దగ్గరుంది. సిలిండర్ల కంప్రెషన్ చూసింది, నాలుగూ బాగున్నాయి. టేపు విప్పకుండానే, ఇంజెక్టర్ల దగ్గర మీటరు పెట్టి వైర్ల అతుకులు మళ్ళీ చూసింది, ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు, కరెంటు నిక్షేపంగా అందుతోంది. స్కానర్ పెడితే తప్పులేవీ లేవని అదీ చెప్పింది. సీమాంచల్ వచ్చి పక్కనే నిలబడ్డాడు. అతనికీ బెంగగానే ఉంది.

"నువ్వు సెప్పినట్టే పెట్టాను కదమ్మా," అన్నాడు.

"నేను పటంలో ఉన్నట్టే సెప్పాను భాయినా."

ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు. ఇద్దరూ తలలు బానెట్లోకి వంచి అలాగే ఉండిపోయారు. నేను దగ్గరకెళ్ళి, "ఏటమ్మా, ఏటైంది?" అన్నాను.

"అన్నీ బాగున్నాయి నాన్నా. ఒక్కటి బాగోలేకపోయినా బాగుండును." అది ఏడవలేదు. ముక్కు మీద గ్రీజు, జుట్టు చెదిరిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా మళ్ళీ మొదటి నుంచి చూడ్డానికి వంగింది. అది గెలుస్తుందని నాకు నమ్మకం లేదు ఆ క్షణంలో. అయినా దాన్ని చూస్తే గర్వంగానే ఉంది, ఏం చేయను.

ఢిల్లీశ్వరరావు ఆటో దిగి, ఊతకర్ర మీద నడుచుకుంటూ వచ్చి మా అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. నాకేసి చూడలేదు, నేనూ అతనికేసి చూడలేదు. కానీ మా గుమ్మంలోకి వచ్చినవాడు ఎవరైనా టీ తాగకుండా వెళ్ళకూడదని మా తాత పెట్టిన ఆనవాయితీ. అన్నయ్య టీ తాగుతారా అని అడిగాడు.

"పాలొద్దు, గేసు. నాకు నల్ల టీ సెప్పండి," అన్నాడతను ముభావంగా.

సీమాంచల్ బండి దగ్గర్నుంచే వీధి అవతల టీ కొట్టుకి కేకేశాడు. "తినిటా ఖీర చా, గొటే నాలి చా."

మూడు పాల టీలు, ఒకటి పాలు లేనిది. రోజూ వినే కేకే అది. నేను పట్టించుకోలేదు. అపర్ణ మాత్రం బానెట్లోంచి తల పైకెత్తింది.

"భాయినా, ఇప్పుడేటన్నావు?"

"టీ సెప్పానమ్మా."

"మావయ్యకి ఏ టీ సెప్పావు?"

"నాలి చా."

"ఆయనడిగింది నల్ల టీ కదా."

సీమాంచల్ నవ్వాడు. "అదే అదే. మీరు నల్ల అంటారు, మేం నాలి అంటాం. టీ ఒకటే కదా."

టీ ఒకటే. కానీ ఒడియాలో నాలి అంటే ఎరుపు. పాలు పోయని టీని ఒడియా వాళ్ళు ఎర్ర టీ అంటారు, మేం నల్ల టీ అంటాం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను ఆ రెండు పేర్లతోనూ ఆ టీ తాగుతున్నాను. అవి రెండూ వేరు రంగులని ఒక్కనాడూ తోచలేదు. ఈలోగా టీ వచ్చింది. గాజు గ్లాసు ఢిల్లీశ్వరరావు చేతిలో ఉంది. అపర్ణ ఆ గ్లాసుకేసే చూస్తూ ఉండిపోయింది.

"భాయినా, ఆ రోజు రెండో ఇంజెక్టరుకి ఏ రంగు వైరు కలిపావు?"

"నువ్వు సెప్పిందే," అన్నాడు సీమాంచల్ ధీమాగా. "నాలిదేనా అని నేను మళ్ళీ అడిగాను కూడా. అదే అదే అన్నావు."

అపర్ణ ల్యాప్‌టాప్ తీసుకుంది. ఇంజన్ స్టార్టు చేసి, నా చేతికి ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇచ్చింది.

"నాన్నా, దీని మొన రెండో ఇంజెక్టరు మీద పెట్టి, పిడి సెవికి ఆనించుకో. టిక్కు టిక్కుమని వినపడతాదా?"

వినపడింది. ఆ ఒణుకులో కూడా, లోపల ఎవరో గోటితో కొడుతున్నట్టు స్పష్టంగా వినపడింది.

"ఇప్పుడు కంప్యూటర్లో రెండోదాన్ని ఆపుతున్నాను. ఆగిందా?"

"లేదు. కొడతానే ఉంది."

"మూడోదాని మీద పెట్టు."

పెట్టాను. నిశ్శబ్దం. అపర్ణ కంప్యూటర్లో రెండోదాన్ని మళ్ళీ వదిలింది. నా చెవి కింద మూడోది టిక్కుమంది. రాముణ్ణి పిలిస్తే కృష్ణుడు పలుకుతున్నాడు. ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారయ్యాయి. వైర్లు తెగలేదు, ఇంజెక్టర్లు చెడలేదు, అన్నీ తమ పని తాము చేస్తున్నాయి. కాకపోతే రెండో సిలిండరుకి అందాల్సిన ఆజ్ఞ మూడోదానికి పోతోంది, మూడోదానిది రెండోదానికి. విస్తరి ఎత్తేశాక అన్నం వడ్డించినట్టు, కాలాల్సిన వేళ దాటిపోయాక డీజిలు పడుతోంది. అది కాలక పచ్చి పొగై పోతోంది. అందుకే ఏ పరీక్షకీ దొరకలేదు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే నాలోని వ్యాపారి మేలుకున్నాడు. తప్పు మా కొట్టులోనే జరిగింది. అరుగు మీద ఢిల్లీశ్వరరావు ఉన్నాడు, అతని పక్కన అన్నయ్య ఉన్నాడు, కొట్టుకి పేరు తీస్తే మిషను బయటకెళుతుందన్న మాట ఉంది. అపర్ణ చెవి దగ్గరకి వంగాను.

"అమ్మా, ఎక్కడో అతుకు లూజుగా ఉందని సెప్పీ. సరిసేసి ఇచ్చేద్దాం. ఎవరికి తెలుస్తాది?"

అపర్ణ నా వైపు చూసింది. కోపంగా కాదు. చిన్నపిల్లాడికి లెక్క విడమరిచి చెప్పేటట్టు, మెల్లిగా అంది.

"అప్పుడు సీమాంచల్ భాయినా అతుకు సరిగ్గా ఎయ్యలేదని అవుతాది నాన్నా."

అది గుడ్డకి చేతులు తుడుచుకుని అరుగు దగ్గరకెళ్ళింది.

"మావయ్యా, తప్పు దొరికింది. మీ పాత ఇంజెక్టర్లు బాగున్నాయి. మా దగ్గర కొన్నవీ బాగున్నాయి. భాయినా పనీ బాగుంది. బాగోలేనిది నా మాట. నేను నల్ల అన్నాను, ఆయనకి నాలి అని వినబడింది. ఆయన మళ్ళీ అడిగాడు కూడా. నేను సరిగ్గా ఇనకుండానే అదే అనేశాను. వైర్లు రెండూ తారుమారైపోనాయి. మీ బండి ఇన్నాళ్ళూ దగ్గింది నా వల్ల."

వెంటనే సీమాంచల్ అందుకున్నాడు.

"నీ వల్ల ఏటి? పుట్టిన కాడ్నుంచి తెలుగు ఇంటన్నాను. నల్లకీ నాలికీ తేడా తెలీదా నాకు? తప్పు నాదే."

"నీది కాదు భాయినా."

"నాదే అంటన్నాను కదమ్మా."

"సెప్పింది నేను కదా."

"కలిపింది నేను."

ఇద్దరి గొంతులూ పెరిగాయి. తప్పు నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళని ఈ బజార్లో చాలామందిని చూశాను. నాదంటే నాదని కొట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఢిల్లీశ్వరరావు ఒకసారి దానికేసీ ఒకసారి అతనికేసీ చూసి, చేతిలో గ్లాసుకేసి చూసుకున్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత గ్లాసు తొణికేలా నవ్వాడు.

"ఓలమ్మా, నా కారుని పాడుసేసింది ఈ టీయా?"

సీమాంచల్ టేపు విప్పి వైర్లు మార్చాడు. ఈసారి అపర్ణ నోటితో చెప్పలేదు, రెండు వైర్లూ వేలితో ముట్టుకుని చూపించింది. తర్వాత అది చేసిన పని నాలోని వ్యాపారికి మింగుడు పడలేదు. మేం అమ్మిన ఆ రెండు కొత్త ఇంజెక్టర్లూ విప్పేసి, ఢిల్లీశ్వరరావు పాతవే మళ్ళీ బిగించి వాటి నంబర్లు ఎక్కించింది.

"ఇవి మీకక్కర్లేదు మావయ్యా. వెనక్కి తీసుకుంటాం," అని అన్నయ్యకేసి చూసింది. "తీసుకుంటాం కదా పెదనాన్నా?"

అమ్మిన సరుకు బిగించాక వెనక్కి తీసుకోవడం మా కొట్టు చరిత్రలో లేదు. అన్నయ్య పైపంచె సర్దుకున్నాడు. "తీసుకుంటాం," అన్నాడు.

అపర్ణ సెల్ఫ్ కొట్టింది. బండి ఒక్కసారి గొంతు సవరించుకుని, నాలుగు సిలిండర్ల మీదా నిలబడింది. కాసేపు మిగిలిపోయిన పొగ కక్కి, తర్వాత అదీ మానేసింది. ఢిల్లీశ్వరరావు లేచొచ్చి, టీ గ్లాసు తీసుకెళ్ళి బండి ముందు చక్రం పైనున్న రేకు మీద పెట్టాడు. నిన్నటి ఒణుక్కి ఆ గ్లాసు నేలపాలయ్యేది. ఇప్పుడు టీ గ్లాసులోనే సన్నగా కదులుతోంది, అంచు దాటడం లేదు. అతను చాలాసేపు దాన్నే చూశాడు. చల్లారిపోయిన ఆ టీ ఎత్తి తాగేసి, నా దగ్గరకొచ్చాడు.

"పూర్ణచంద్ర గారూ, డూప్లికేటు అన్నాను. తప్పైపోనాది."

"నేనూ తక్కువన్లేదు కదా, వొదిలీండి," అన్నాను. నేను అంతకంటే దిగలేను, అతనికీ ఆ సంగతి తెలుసు.

అపర్ణ పనిముట్లన్నీ తుడిచి బెంచి మీద పేర్చింది. పేర్చి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఉంటుందో పోతుందో అన్నయ్య నోటి నుంచి వినాలి కదా. అన్నయ్య బెంచి దగ్గరకెళ్ళాడు, గాజు గొట్టాలకేసి వంగి చూశాడు, పైకప్పుకేసి చూశాడు.

"పూర్ణా," అని పిలిచాడు నన్ను. "ఈ మూల సీకటిగా ఉందిరా. ఇంకో లైటు పెట్టించు. మన గుంటకి కళ్ళు పాడైపోతాయి."

అంతే, గల్లా దగ్గరకెళ్ళి కూర్చున్నాడు. అపర్ణ అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. దాచుకోలేదు, నా కొట్టులో నేను ఏడిస్తే ఎవరికేం.

ఢిల్లీశ్వరరావు ఆ కారులోనే బజారంతా తిరిగాడు. డూప్లికేటు అని చెప్పిన ప్రతి కొట్టు ముందూ మళ్ళీ ఆగి, నల్ల టీ కథ మొదటి నుంచి చెప్పాడు. చికిటిలో చెప్పాడు, మిల్లుకొచ్చే ప్రతి లారీ డ్రైవరుకీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగింది. "మీ బండి బాగోలేదనేవాళ్ళని సూసినాను, నా మాట బాగోలేదన్న మనిషిని ఈవిణ్ణే సూసినాను," అని చివర్న అంటాడట. ఆ కథలోంచే దానికి నాలి అపర్ణ అన్న పేరు పుట్టింది. మొదటిసారి విన్నప్పుడు గౌరికి కోపమొచ్చింది, ఆడపిల్లకి ఇదేం పేరని. అపర్ణ పడీపడీ నవ్వింది.

నా భాష పొగరు ఏమైందని మీరు అడగొచ్చు. ఏమీ కాలేదు. మా గడప లోపల ఇప్పటికీ నల్ల నల్లే, ఎర్ర ఎర్రే. కాకపోతే ఆ మాట అనేటప్పుడు వేలు కూడా పెట్టి చూపించాలన్నది కొత్తగా చేర్చిన నియమం.

మొన్న గోపాల్‌పూర్ నుంచి ఒక హోటలు వ్యాను వచ్చి మా గుమ్మం ముందు దగ్గుతూ ఆగింది. డ్రైవరు కొత్త మనిషి. తల బయటపెట్టి, అరుగు మీద కూర్చున్న నన్ను అడిగాడు.

"నాలి అపర్ణ కొట్టు ఎక్కడండీ?"

ఆది లేదు, నారాయణ లేదు. మా తాత పేరు మొత్తానికి మొత్తం పోయింది. గల్లా దగ్గర్నుంచి అన్నయ్య కళ్ళద్దాల మీంచి నాకేసి చూశాడు, ఇక వీడు లేస్తాడు, ఎవరో ఒకరు వచ్చి వీణ్ణి పట్టుకోవాలి అన్నట్టు. లేచాను.

"ఇదే," అన్నాను. "నేను ఆవిడ నాన్నని."

ఆ రెండు మాటలూ వీధి చివరి దాకా వినపడేలాగే అన్నాను. తర్వాత లోపలికి తిరిగి, "అమ్మా, బండొచ్చింది," అని పిలిచాను.